నాయిన పండుకున్నడు

పటాన్‌చెరు పక్క ఊళ్లో కొమురయ్య పొద్దున్నే వాడకట్టంతా ఒకటే కబురు చెప్పాడు. "మా మనుమరాలు సంగారెడ్డికి పోయి స్పీచ్ ఇయ్యాల్నంట. అంగన్‌వాడీ టీచర్ చెప్పింది."

మనుమరాలు నిషితకు మూడున్నరేళ్లు. ఇంతవరకు "అమ్మ" అని కూడా గట్టిగా పిలవలేదు. "మైకు ఎవలిస్తరు తాతా?" అని ఎవరో అడిగారు.

"స్పీచ్ ఇచ్చుడు కాదు మామా, స్పీచ్ టెస్టు," అంది కోడలు రేఖ, టీచరిచ్చిన చీటీ చూపిస్తూ. "మాటలు ఎందుకు రాలేదో చూస్తరంట."

దాంతో నవ్వులు ఆగాయి, ఇంట్లో గొడవ మొదలైంది.

"ఏం అవసరం లేదు," అంది అత్త సత్తెమ్మ. "నా కొడుకు శ్రావణ్ గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు. దవాఖాన్ల రాసిస్తె పిల్లకు మూగదని పేరు పడుతది."

"పేరు పడుతదని మనం భయపడితె, పిల్ల ఎనకపడుతది అత్తమ్మా."

పాఠకులారా, పిల్లకు జ్వరం వస్తే మనం గంట కూడా ఆగం. మాట రాకపోతే మాత్రం ఏళ్లు ఆగుతాం. జ్వరానికి లేని సిగ్గు మాటకెందుకో ఎవరూ చెప్పరు.

రేఖ భర్త శ్రావణ్‌కుమార్‌కు మందుల కంపెనీలో నైట్ షిఫ్టు. రేఖకు ప్యాకింగ్‌లో పగటి డ్యూటీ. ఉన్నది ఒక్క రేకుల గది. పగలంతా అందులో శ్రావణ్ నిద్ర, ఆ నిద్రకు ఇంటిల్లిపాదీ కాపలా. టీవీ పెట్టరు, అతను లేచేదాకా కుక్కర్ ఎక్కించరు. షిఫ్టు ఒకరిది, శిక్ష అందరిదీ.

రేఖ పట్టు వదల్లేదు, కానీ ఆమెకు సెలవు దొరకలేదు. చివరికి శ్రావణ్ డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా, తన తల్లి సత్తెమ్మనూ బిడ్డనూ తీసుకుని సంగారెడ్డి బస్సెక్కాడు.

అక్కడ దవాఖానలో పరీక్ష చేసే శ్రీలత ముందు వినికిడి చూసింది. చెవులు బాగున్నాయి. బొమ్మలు పరిచి కుక్క ఏది, చెంచా ఏది అని అడిగితే నిషిత అన్నీ సరిగ్గా చూపించింది. బొమ్మ బస్సు ఇస్తే నేల మీద తోస్తూ "బుర్ర్" అని గట్టిగానే కూసింది.

మూలన కుర్చీలో శ్రావణ్‌కు కన్నంటుకుంది. సన్నగా గురక వచ్చింది.

బస్సు ఆగిపోయింది. చక్రాలు చప్పుడు కాకుండా నిషిత దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. పెదాల మీద వేలుంచి, శ్రీలత వైపు వంగి, ఊపిరంత గొంతుతో అంది. "ష్... నాయిన పండుకున్నడు."



"ఇంట్ల గూడ గిట్లనేనా అమ్మా?" సత్తెమ్మను అడిగింది శ్రీలత.

"నేనే నేర్పిన," అంది సత్తెమ్మ మెల్లగా. "లొల్లి చేస్తె నోటికి కొంగు అడ్డం పెడ్త. నిద్ర లేక మిషిన్ల చెయ్యి పెడ్తె నా కొడుకు గతేంది?"

శ్రీలత శ్రావణ్‌ను లేపి సంగతి చెప్పింది. అతను అడిగింది ఒక్కటే. "మూగదని రాస్తరా మేడం?"

"పేరు పెట్టనీకె కాదన్నా ఈ టెస్టు, దారి దొరకనీకె. మాటలున్నయి, వయసుకు తక్కువున్నయి. గిదొక్కటే కారణమని ఇప్పుడే అనలేను. వారం వారం తీసుకరండి. ఇంట్ల మీరు మాట్లాడాలె, జవాబు కోసం ఆగాలె."

సాయంత్రం వాడకట్టు మూగింది. "స్పీచ్ ఎట్లయింది?" అన్నారు.

కొమురయ్య దాచలేదు. "పిల్లకు మాట రాదని మేము పరేషాన్ అయినం. ఇంట్ల మాట్లాడుడే తప్పని అది అనుకుంది. తప్పు నేర్పింది మేమే."

శ్రావణ్ జేబులోంచి దూది తీశాడు. "ఇన్నొద్దులు దాని నోట్ల దూది కుక్కినట్టే చేసినం. ఇగ నా చెవుల పెట్టుకుంట."

అంతలో నిషిత మంచమెక్కి నిలబడింది. "ఆగుండ్రి, పిల్ల ఏమో చెప్తది," అంది సత్తెమ్మ. అంతా నోరు మూసుకున్నారు, ఈసారి వినడానికి.

"బస్సు," అంది నిషిత. కాసేపాగి, ఇంకాస్త గట్టిగా, "బస్సు పోయింది."

పిల్లకు మాట ఆలస్యమైతే దాచకండి, చూపించండి. పరీక్షతో పరువు పోదు. ఆలస్యంతో పోయిన కాలం మాత్రం తిరిగి రాదు.