ఉమ్మడి గోడ మీద పెన్సిలు గీత

ఇల్లు పరీక్షించే మనిషిని పెట్టుకోవద్దని డెల్ఫిన్‌కు ముగ్గురు చెప్పారు. "పరీక్షలూ గిరీక్షలూ అన్నావంటే ఇంకొకరు ఎగరేసుకుపోతారు" అన్నాడు ఇల్లు చూపించిన ఏజెంటు. ఆ వసంతంలో బాల్టిమోర్‌లో అందరూ కళ్లు మూసుకునే కొంటున్నారు. పదకొండేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న డెల్ఫిన్ కళ్లు మూసుకుని ఏ పనీ చేసే మనిషి కాదు. పైగా ఆ వీధి ఇళ్లకు నూటపదేళ్లు. ఒకదాని భుజం ఒకటి పట్టుకుని ఇరవైరెండు ఇళ్లు నిలబడ్డాయి. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. అందుకని ఆంబ్రోస్‌ను పిలిచింది.

ఆంబ్రోస్‌కు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ముప్పై ఏళ్లు తాపీపని చేసి, మోకాళ్లు అరిగాక ఈ పనిలోకి దిగాడు. శనివారం పొద్దున పది గంటలకు నిచ్చెనా టార్చిలైటూ పట్టుకుని వచ్చాడు.

ఇలాంటప్పుడు ఇంటివాళ్లు బయటికి వెళ్లిపోవడం మామూలు. ఇల్లు అమ్ముతున్న మిస్ ఒటీలీ వెళ్లలేదు. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి, వంటింట్లో కుర్చీ వేసుకుని రేడియో గట్టిగా పెట్టుకుని కూర్చుంది.

"మా ఏజెంటమ్మాయి ఒక్కటే చెప్పింది, బంగారం. నువ్వు తెచ్చుకున్న మనిషి ఏమన్నా నేను వినకూడదట. వింటే నాకు తెలిసినట్టే లెక్కట. తెలిస్తే, రేపు నువ్వు కొనకపోతే, తర్వాత వచ్చే ప్రతివాడికీ కాగితం మీద రాసివ్వాలట. అందుకని ఇవాళ నా చెవులకు సెలవు."

"కాఫీ తాగుతారా అని అడిగితేనో?" అన్నాడు ఆంబ్రోస్.

"నాకు కావలసినవి వినపడతాయిలేవయ్యా."

ఇల్లు అమ్ముడైతేనే ఆమెకు చెల్లెలి ఊళ్లో, పెద్దవాళ్లుండే వసతిలో గది దొరుకుతుంది. డెల్ఫిన్ వచ్చిన ప్రతిసారీ ఆ సంగతి ఆమె చెబుతూనే ఉంది.

ఇంటి కప్పు బాగుంది. కరెంటు తీగలు కొత్తవి. డెల్ఫిన్‌కు గుండె తేలికపడింది. మేడమీద వెనకగదికి వచ్చేసరికి తలుపు పట్టేసింది. ఆంబ్రోస్ భుజంతో తోసి లోపలికి వెళ్లి, పక్కింటితో కలిసిన ఉమ్మడి గోడ దగ్గర ఆగిపోయాడు. పైనుంచి కిందికి మెట్లుమెట్లుగా ఒక పగులు. అందులోకి వేలి కొన పెట్టి చూశాడు.

"పాత ఇంటికి పగుళ్లుండవా?" అంది డెల్ఫిన్.

"ఉంటాయమ్మా. పాత పగుల్లో దుమ్ముంటుంది, సాలెగూడు ఉంటుంది, పైన రెండు మూడు పూతల రంగుంటుంది. ఇందులో ఏమీ లేదు. నిన్న కోసిన రొట్టెలా ఉంది."

చెవి మీది పెన్సిలు తీసి పగులుకు అడ్డంగా సన్నటి గీత గీసి, పక్కన టైము రాశాడు. పదీ ఇరవై.

నేలమాళిగలోకి దిగారు. గోడ అవతల ధన్ ధన్‌మని మోత. పక్కిల్లు కొన్నవాళ్లు నేలమాళిగ ఎత్తు చాలదని నేల తవ్వించి లోతు చేయిస్తున్నారు. మోత ఆగిన ప్రతిసారీ ఇంకో చప్పుడు వినిపిస్తోంది, ఎవరో గుప్పిట్లోంచి బియ్యం జారవిడుస్తున్నట్టు. ఆంబ్రోస్ టార్చి వేశాడు. ఇటుకల సందుల్లోంచి మట్టి జారుతోంది. గోడ అడుగున, నేల తాకవలసిన చోట, చీకటి. అతను చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా వెళ్లింది.

"ఏమిటది?" అంది డెల్ఫిన్.

"గోడ కాళ్ల కింది మన్ను లాగేస్తున్నారు. పైకి పదండి. పరిగెత్తకండి, మెత్తగా అడుగు వేయండి."

మేడమీద గోడకు లైటు వేసి చూపించాడు. ఇరవై ఐదు నిమిషాల కింద ఒక్కటిగా ఉన్న పెన్సిలు గీత రెండు ముక్కలైంది. ఎడమ ముక్క కంటే కుడి ముక్క గోరు మందం కిందికి దిగింది.

డెల్ఫిన్ మెట్లవైపు చూసింది. తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోవచ్చు. ఈ ఇల్లు ఇంకా తనది కాదు.

"నేను చూసింది మీకు తప్ప వేరేవాళ్లకు చెప్పకూడదని మా కట్టుబాటు" అన్నాడు ఆంబ్రోస్ మెట్లు దిగుతూ. "ప్రాణం మీదికి వచ్చిన చోట అది చెల్లదు." వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు పెంచాడు. "మిస్ ఒటీలీ, ఆ గోడ..."

ఆమె రేడియో ఇంకా పెంచి రెండు చెవులూ మూసుకుంది.

"మీరు ఆమెను బయటికి తీసుకురండి. నేను ఫైరువాళ్లకు ఫోను చేసి ఆ తవ్వడం ఆపిస్తాను" అని అతను వెనక తలుపు గుండా సందులోకి వెళ్లిపోయాడు.

డెల్ఫిన్ కుర్చీ పక్కన వంగింది. "లేవండి. బయటికి పోదాం."

"చెప్పకు! చెప్పావంటే ఈ ఇల్లెవడు కొంటాడు? నేనెక్కడ చావను?"

అరలో కప్పులు వాటంతటవే గలగలమన్నాయి. రేడియో మోతలోనూ ఇద్దరూ విన్నారు. మిస్ ఒటీలీ అటు చూడకుండా "పక్కింటి మోత" అంది. ఆమె వేళ్లు కుర్చీ చేతుల్ని పట్టుకున్న తీరు చూస్తే, నలుగురు వచ్చినా విడదీయలేరనిపించింది.

ఒకసారి డెల్ఫిన్ బస్సులో ఇంజను దగ్గర పొగ వచ్చింది. పొగ అని ఉంటే అరవైమంది తొక్కుకునేవారు. "ఈ బండి ఇక్కడికే, వెనక బండి ఖాళీగా వస్తోంది" అంది డెల్ఫిన్. గొణుక్కుంటూ దిగిపోయారు. పొగ సంగతి చెప్పనే లేదు.

ఇప్పుడూ అదే మామూలు గొంతు పెట్టింది. "నేను కొంటున్నానండి ఈ ఇల్లు. ఒక్కటే బాగాలేదు. వీధిలో ఆ తెల్లరాతి మెట్లు. బూడిదరంగు పెయింటు కొట్టించేస్తాను."

కుర్చీ చేతుల మీది పట్టు వదులైంది. "ఏమన్నావు? పాలరాతికి పెయింటా?"

"ఎవరు తోముతారండీ వాటిని?"

"మా అమ్మ తోమింది, నేను తోమాను, నీకేం చేతుల్లేవా? సిగ్గులేకపోతే సరి! రా, చూపిస్తాను." మిస్ ఒటీలీ లేచింది. సింకు కింది బకెట్టు కోసం వంగింది. డెల్ఫిన్ బకెట్టు లాక్కుని ఆమె మోచెయ్యి పట్టుకుంది. నడవ ఎప్పుడూ లేనంత పొడుగైంది. పైన ఎక్కడో కర్ర ఒకటి కిర్రుమని, ఇంకొంచెం సాగి, ఆగింది.

వీధి మెట్ల మీద ఆమె మోకరిల్లబోయింది. ఆ మెట్లూ ఆ గోడనే ఆనుకుని ఉన్నాయి.

"ఇక్కడినుంచి మరక కనపడదండి. ఎదుటి పేవ్‌మెంటు మీదికి రండి, చూపిస్తాను."

"మరకా? నా మెట్లకు మరకా?"

రోడ్డు దాటారు. వెనుదిరిగేసరికి ఇంటి వెనకనుంచి చప్పుడు వచ్చింది. గొప్ప చప్పుడేం కాదు. లారీ ఇటుకలు దింపినట్టు వచ్చి, ఆగకుండా సాగింది. తెరిచిన వీధితలుపులోంచి తెల్లటి దుమ్ము ఊపిరిలా బయటికి వచ్చింది. వంటింటి కిటికీ ఉండవలసిన చోట, నడవ చివర, ఆకాశం కనిపిస్తోంది.

"ఆంబ్రోస్!" డెల్ఫిన్ అరిచింది. అతను వెళ్లిన సందు వెనకవైపే ఉంది. లెక్కపెట్టుకోలేనంత సేపు ఎవరూ రాలేదు. తర్వాత సందు మొదట్లో ముగ్గురు పనివాళ్లు, వాళ్ల వెనక సున్నం కొట్టినట్టు తెల్లగా ఆంబ్రోస్, దగ్గుతూ కనిపించారు. డెల్ఫిన్ వాళ్లను ఇవతలికి రమ్మని చేతులూపింది.

ఫైరుబండి వచ్చింది. అధికారి అటూ ఇటూ చూశాడు. "ఈ గోడ ఎన్నాళ్లుగా కదులుతోందో ఎవరైనా చెప్పగలరా? ఎన్ని ఇళ్లు ఖాళీ చేయించాలో తేలాలి."

ఆంబ్రోస్ నోరు తెరవబోయాడు.

"నాకు తెలుసు" అంది మిస్ ఒటీలీ. "మంగళవారం పైగది తలుపు పట్టింది. బుధవారం కప్పులు మోగాయి. గురువారం తవ్వే ఇంటికి అవతలింటావిడ వచ్చి తన మెట్ల కింద గోడ చీలిందంది, నీ భ్రమలే అన్నాను. ఆ రాత్రి నుంచీ చెప్పులు విప్పకుండా కుర్చీలోనే పడుకుంటున్నాను. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, ముందు ఆ తలుపు కొట్టండి. తర్వాత ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. సంతకం పెడతాను."