రోజీ ఎత్తు కొవ్వొత్తి

నేను ఒక మొక్కు కొవ్వొత్తిని. పుట్టినరోజు కేకు మీద గుచ్చే పుల్లల్లాంటిదాన్ని కాదు, మనిషిని కొలిచి పోసినదాన్ని. నాకు ఓపిక తక్కువ. వెలగడానికి పుట్టినదాన్ని గుడ్డ కప్పి నెలల తరబడి మంచం కింద పడుకోబెడితే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

నన్ను పోయించింది శౌరమ్మ. వాళ్ళది పల్నాడులో మిరపతోటల ఊరు. ఎనిమిదేళ్ళ కూతురు రోజీకి కాలి ఎముకలో చీము పట్టి ఆపరేషన్ అయింది. ఇక నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోయారు. ఆసుపత్రి మంచం మీద పిల్ల నిద్రపోతుంటే శౌరమ్మ చీర అంచు చింపి, తల నుంచి మడమ దాకా కొలిచి, కొండ మీది మరియమాతకు మొక్కుకుంది. పిల్ల తన కాళ్ళతో కొండెక్కితే దాని నిలువెత్తు కొవ్వొత్తి ఇస్తానంది. ఆ పీలికే నా కొలత. దాన్ని తీసుకెళ్ళి ఇస్తే, పోసేవాడు రేకు గొట్టంలో వత్తి బిగించి, మరిగిన మైనం పోసి, చల్లారాక నన్ను బయటికి లాగాడు. పరీక్ష పాసయితే ఒక ప్యాకెట్టు, ప్రాణం దక్కితే నిలువెత్తు. మనుషులు దేవుడి దగ్గర కూడా గిరాకీని బట్టే ధర కడతారు.

పిల్ల లేచింది. చలి తగ్గుతుండగా తిరునాళ్ళకు ఊరివాళ్ళు పాదయాత్రగా బయల్దేరారు. రోజీ కాస్త కుంటుతూనే నడిచింది. ఆ కాలు కొండ దాకా నిలవాలి, శౌరమ్మకు అదొక్కటే బెంగ. ఎండకు వంకరపోకముందే వెలగాలి, నాకు అదొక్కటే. శౌరమ్మ తడిగుడ్డ చుట్టి నన్ను భుజాన వేసుకుంది.

మా తొందరకు అడ్డుపడ్డవాడు ఇన్నయ్య. జట్టుకు పెద్ద ఆయనే. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. ఎప్పుడూ తిన్నగా సాగే యాత్రలో ఈసారి దారిపొడుగునా ఉన్న పాత చర్చిలన్నీ కలిపాడు.

"ఉజ్జోగం చేసినన్నాళ్ళూ వీటి పక్కనుంచే బస్సు తోలా. ఒక్కదాంటో కాలు పెట్టలేదు. స్టాపు లేదని ఆపలేదు. ఇప్పుడన్నా ఆగనీయండయ్యా" అన్నాడు.

ఆగాం. మొదటి చర్చిలో టేకు దూలాలు చూసి అందరూ నోళ్ళు తెరిచారు. రెండోదాంట్లో గంట కింద నిలబడి ఫొటోలు దిగారు, ఒకాయన గోడ మీద తన పేరు గీకబోయి తిట్లు తిన్నాడు. ప్రతి మలుపుకూ నడక పెరిగేది, రోజీ కుంటు కూడా పెరిగేది. శౌరమ్మ పళ్ళు బిగించి నన్ను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకునేది. నేను లోలోపల ఉడికిపోయాను. వందేళ్ళుగా కదలనివాటిని చూడ్డానికి ఇంత నడక దేనికి?

మూడో చర్చి అన్నిటికన్నా పాతది. మూరెడు మందం సున్నపు గోడలు, లోపల కుండలోలా చల్లదనం. శౌరమ్మ నన్ను నేల మీద పెట్టబోయింది.

"పడుకోబెట్టబాక, ఎవరన్నా తొక్కుతారు. ఆ గోడకి నిలబెట్టు" అన్నాడు ఇన్నయ్య.

అచ్చులోంచి బయటపడ్డాక నేను నిలబడటం అదే మొదలు. రోజీ వచ్చి నా పక్కనే గోడకు వీపు ఆనించి, నెత్తిమీద అరచెయ్యి పెట్టుకుంది. ఆ చెయ్యి నా వత్తికి జానెడు పైన ఆగింది.

"అమ్మా, నేనే పొడుగు!"

శౌరమ్మ ముఖంలో నెత్తురు లేదు. "కాసిని నెలల్లో ఇంత ఎదుగుద్దా? నేనే తక్కువ కొలిచా. కొండ మీదమ్మకి తక్కువిస్తే ఊరుకునిద్దా? ఇచ్చిన కాలు మళ్ళీ..." అని నోరు మూసుకుంది. తర్వాత ఇన్నయ్య మీద విరుచుకుపడింది. "నీ పాత గుళ్ళ పిచ్చి లేకపోతే ఇది నా కంట పడేదే కాదు బాబాయ్!"

వెనక్కెళ్ళి ఇంకోటి పోయిస్తానంది. వెళితే తిరునాళ్ళు దాటిపోతాయి. ఇన్నయ్య తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. నాకైతే సిగ్గూ కోపం రెండూ వచ్చాయి. పొట్టిదని నన్ను అంతవరకూ ఎవరూ అనలేదు.

రోజీ మెల్లగా అంది. "ఆసుపత్రిలో నా మోకాలు చాపితే వచ్చేది కాదు గదమ్మా. మడుచుకునేగా పడుకున్నా."

శౌరమ్మ కూతురి ముందు కూలబడింది. తుంటి దగ్గర చెయ్యి పెట్టి, తొడ మీదుగా, మోకాలి మీదుగా మడమ దాకా నిమిరింది. ఎక్కడా వంపు లేదు. పిల్ల గౌనులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నయ్య పైకప్పు చూస్తున్నట్టు తల పైకెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. నేను నోరులేనిదాన్ని కాబట్టి సరిపోయింది గానీ, నాకూ అరవాలనిపించింది.

కొండ మెట్లు రోజీ తనంతట తనే ఎక్కింది. ఎక్కడా చెయ్యి పట్టుకోనివ్వలేదు. పైన శౌరమ్మ నన్ను వెలిగించి, "తక్కువే, చూసుకోమ్మా" అని నవ్వింది.

రెండు వేళ్ళ మేర కూడా కాలలేదు. వెనక వరస పెద్దది కదా, ఒక వాలంటీరు నన్ను ఊది ఆర్పి కొవ్వొత్తుల కుప్పలో పడేశాడు. ఇక్కడ అందరం సగం కాలినవాళ్ళమే. మళ్ళీ కరిగించి పోస్తారట. ఈపాటికి ఏదో ఆసుపత్రిలో ఇంకో తల్లి ఇంకో మంచం దగ్గర వంగి కొలుస్తూ ఉంటుంది. నాకిక్కడ కాలు నిలవడం లేదు. తొందరగా పోయండి నన్ను. ఆ బిడ్డ పక్కన కూడా నేను పొట్టిగా తేలాలి.