దండీలు మానిన భుజం

యానాంలో ఫ్రెంచి జెండా ఎగిరిన ఆఖరి రోజుల్లో, దండీలు తియ్యడంలో ఉమామహేశ్వరాన్ని మించినవాడు మెట్టకూరులో లేడు. అతను గోదావరి ఒడ్డున పడవలు కట్టే వడ్రంగి. పొద్దు పొడవక ముందే అమ్మిరాజు వస్తాదు గారి తాలింఖానాకి వెళ్లి నేలకి చేతులానించి రెండు వందల దండీలు, కూర్చుని లేస్తూ మూడు వందల బస్కీలు తీసి, ఒంటికంటిన మట్టి ఏట్లో కడుక్కుని, బాడిశ భుజాన వేసుకుని పనిలోకి దిగేవాడు. పదహారో ఏట మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్లు ఒక్క పూట తప్పలేదు.

తాలింఖానా అంటే ఒక తాటాకు పాక, అందులో తవ్వి మెత్తగా చేసిన మట్టి, దూలానికి వేలాడే మోకు. అంతే. అమ్మిరాజు గారికి అప్పటికే అరవై దాటాయి. భార్య పోయింది. ఒక్కగానొక్క కూతురు కనకదుర్గని ఏటవతల మురమళ్లలో ఇచ్చారు. ఇక ఆయనకి ఆ పాకే ఇల్లు, అక్కడికొచ్చే కుర్రాళ్లే సంసారం. ఉమామహేశ్వరం అంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం. "ఈడి భుజం చూడండ్రా, నూనె రాసిన తలుపు బందులా తిరుగుద్ది" అని మిగతావాళ్లకి చూపించేవారు.

యాభై మూడు వేసవిలో సెబాస్టియన్ పాండిచ్చేరి నుంచి యానాం కచేరీకి గుమాస్తాగా బదిలీ అయి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ఇనుప బారు, దాని రెండు కొసలకీ తొడిగే బిళ్లలు తెచ్చుకున్నాడు. ఇంటి పెరట్లో వాటిని ఎత్తుతుంటే గోడ మీంచి చూసిన ఉమామహేశ్వరానికి కళ్లు చెదిరాయి. వారం తిరక్కుండా అతని చేతుల్లోకీ ఆ బారు వచ్చింది. నెల తిరిగేసరికి సెబాస్టియన్‌ని దాటేశాడు. ఈ రోజు ఇన్ని పౌన్లు, రేపు ఇంకో బిళ్ల. దండీలు నూరు తీసినా నూటయాభై తీసినా తేడా తెలిసేది కాదు గాని, ఇక్కడ ఎదుగుదల బిళ్లల్లో కనిపిస్తోంది. దానికి తోడు ఛాతీ విప్పారింది, చేతులు బలిశాయి. తాలింఖానాకి రోజు విడిచి రోజు వెళ్లాడు. తరవాత వారానికొకసారి. ఆ తరవాత మానేశాడు.

ఫ్రెంచివాళ్ల జూలై పద్నాలుగు పండగనాడు కచేరీ ముందు మైదానంలో జనం మధ్య అతను బారెత్తి చూపించాడు. చప్పట్లు మోగుతుండగా అమ్మిరాజు గారు గుంపులోంచి ముందుకొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. బిళ్లల్ని వంగి చూశారు గాని ముట్టుకోలేదు.

"బాగా ఎత్తేవురా మహేశ్వరం. కానీ ఇది పట్టుకునే ముందు రోజూ ఓ యాభై దండీలు, ఓ వంద బస్కీలు మానకు. భుజం బిగుసుకుపోద్ది."

ఉమామహేశ్వరం చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. ఊపు మీద ఉన్నాడు.

"ఎన్నేళ్లు నెట్టినా నేల కదల్లేదు కదండీ గురువుగారూ! ఈ ఇనుమైతే కదుల్తోంది."

జనం గొల్లున నవ్వారు. అమ్మిరాజు గారు కూడా నవ్వారు. నవ్వుతూనే కండువా దులిపి భుజాన వేసుకుని, గుంపులోంచి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం సెబాస్టియన్ అన్నాడు: "ఆ మాట అనకుండా ఉండాల్సిందిరా. పాండిచ్చేరిలో నాకు బారు నేర్పినాయన కూడా ముందు దండీలే తీయించేవోడు. నేను బద్దకించి మానేశాగానీ. రేపెళ్లి ఓ మాట చెప్పిరా."

"ఎల్తాలే" అన్నాడు ఉమామహేశ్వరం. రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఆ తరవాత వెళ్లడానికి మొహం చెల్లలేదు.

పండగ మర్నాటి నుంచే కుర్రాళ్లు ఒక్కొక్కరే సెబాస్టియన్ పెరట్లోకి చేరారు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు, జెండా మారింది. ఆ మరుసటి ఏడు వర్షాలకి తాలింఖానా కప్పు కూలితే తాటాకు కప్పడానికి ఒక్కడూ రాలేదు. ఉమామహేశ్వరం ఆ దారినే పనికి వెళ్తూ కూలిన కప్పు చూశాడు. ఆదివారం వచ్చి నేనే కప్పేస్తాననుకున్నాడు. ఆదివారం వచ్చేసరికి కాకినాడ పోటీల కబురొచ్చింది. బిళ్లల ధ్యాసలో పడి పాక సంగతి మరిచాడు. అమ్మిరాజు గారు కూతురింటికి వెళ్లిపోయారని ఎవరో చెప్పగా విన్నాడు.

కాకినాడలో మొదటి రెండు ఎత్తులూ సునాయాసంగా ఎత్తాడు. మూడోసారి రెండు వందల పౌన్లు గుండెల మీదికి తెచ్చి, ఒక్క ఊపున తలపైకి లేపాడు. చేతులు నిలిచాయి. బారు జానెడు వెనక్కి వాలింది. ఒకప్పుడైతే ఆ భుజం దానితోపాటు వెనక్కి ఒదిగి మళ్లీ సర్దుకునేది. ఇప్పుడు ఒదగలేదు. కుడి భుజం కీలు తప్పిన చప్పుడు ముందు వరసలో ఉన్న సెబాస్టియన్‌కి కూడా వినిపించింది.

ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాడు. కట్టు విప్పాక బాడిశ ఎత్తితే మళ్లీ జారింది. పడవ కిందకి దూరి తలపైకి చెయ్యి చాచి మేకు కొట్టలేని వడ్రంగిని ఎవరు పెట్టుకుంటారు? మేస్త్రీ జాలిపడి రంపాలకి పదును పెట్టే పని అప్పజెప్పాడు. అరుగు మీద కూర్చుని ఆకురాయి రాస్తూ, పక్కవాళ్లు పలకలు ఎత్తుతుంటే చూస్తూ రెండు నెలలు గడిపాడు. చివరికి ఒక ఆదివారం రేవు దాటి ఎదుర్లంకలో దిగి మురమళ్ల నడిచాడు.

గుమ్మంలో కనకదుర్గ ఎదురైంది. కట్టు మచ్చలున్న భుజాన్ని చూసింది.

"చెయ్యి ఇరిగితేగాని మా నాన్న గుర్తు రాలేదన్నమాట."

"కాదక్కా..." అంటూ చెప్పులు విడిచి గుమ్మం దాటాడు.

అమ్మిరాజు గారు చావిట్లో నులక మంచం అల్లుతున్నారు. మనిషి సగమయ్యారు. ఉమామహేశ్వరం కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆయన ఏమీ అడక్కుండా భుజం మీద చెయ్యేసి, వేళ్లతో కీలు చుట్టూ తడిమారు.

"ఛాతీ వైపు కండ పెంచేసి, ఎనక వైపు వదిలేసేవురా. లే. ఆ గోడ దగ్గరికెళ్లి రెండు చేతులూ ఆనించు. దండీ నేల మీదే తియ్యక్కర్లేదు. గోడని నెట్టు. మెల్లిగా."

గోడకి పది తీసేసరికి ఉమామహేశ్వరానికి చెమటలు పట్టాయి. ఒకప్పుడు రెండు వందలు తీసిన మనిషి.

ఆ వానాకాలమంతా ప్రతి ఆదివారం వెళ్లాడు. గోడ నుంచి మంచం పట్టెకి, మంచం పట్టె నుంచి నేలకి దిగాడు. ఒకనాడు పెరట్లో చేతులు కడుక్కుంటుంటే గోడవార ఒక సరుగుడు కర్ర కనిపించింది. రెండు కొసలా తాళ్లతో బిగించిన రుబ్బురాళ్లు.

"అదేంటక్కా?"

కనకదుర్గ చెంబు కింద పెట్టింది. "నాన్నే కట్టుకున్నాడు. ఇక్కడికొచ్చిన కొత్తలో. రోజూ తెల్లారగట్ల ఎత్తేవోడు, మోకాళ్లు నొప్పులొచ్చేదాకా. మీ దగ్గరున్నదాన్ని చూసి మోజుపడ్డాడు. ఎలా పట్టుకోవాలో మిమ్మల్నడగడానికి మొహమాటం."

ఉమామహేశ్వరం తడి చేతులతోనే చావిట్లోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"గురువుగారూ, అప్పుడే ఓ మాట అనుంటే..."

"నువ్వే పిలుస్తావనుకున్నాను" అన్నారాయన, అల్లుతున్న నులక మీంచి చూపు తిప్పకుండా. "నేను దండీలు మానొద్దన్నాగానీ ఇనుము వద్దనలేదు కదరా? దండీలూ ఉండాలి, అదీ ఉండాలి. నా కుర్రాళ్లకి రెండూ నేర్పాలని ఉండేది. కబురెడతావని ఓ నెల చూశాను."

ఆ తరవాతి ఆదివారం ఉమామహేశ్వరం, సెబాస్టియన్ కలిసి బారుని లాంచీ ఎక్కించి మురమళ్ల తెచ్చారు. బిళ్లలు తొడగలేదు. అమ్మిరాజు గారు దాన్ని చేతులతో నిమిరారు. పట్టు జారకుండా చెక్కిన గీతల్ని వేలితో తాకి చూశారు. ఉమామహేశ్వరం ఆయన వెనక నిలబడి, బొటనవేలు ఎటు ఉండాలో, నడుం ఎంత వంచాలో చెప్పాడు. ఆయన చిన్నపిల్లాడిలా చెప్పింది చెప్పినట్టు చేశారు. బారు మోకాళ్ల దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఉమామహేశ్వరం గబుక్కున అందుకుని కిందికి దించాడు.

"పట్టు దొరికింది" అన్నారు అమ్మిరాజు గారు ఆయాసపడుతూ, మంచం మీద కూర్చుని. "మూడేళ్ల కిందట దొరికుంటే గొప్పగా ఉండేదిరా."

ఉమామహేశ్వరం భుజం దసరా నాటికి బాగుపడింది. బాడిశ మళ్లీ చేతికొచ్చింది. పడవల కింద వెల్లకిలా పడుకుని మేకులు కొట్టగలిగాడు. కాని బారు తీసుకెళ్లిన ఆ ఆదివారం మురమళ్ల నుంచి తిరిగొస్తూ లాంచీలో సెబాస్టియన్ పలకరిస్తే, "ఆ పండగనాడే ఆయన చేతికిచ్చుండాల్సిందిరా" అన్నాడు. ఒడిలో ఉన్న బారుని రెండు చేతులా పట్టుకుని, రేవు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.