పంపక్క స్టూలు

పేటకంతటికీ పొద్దున్నే నీళ్ళు రావాలంటే అందరికంటే ముందు పంపక్క లేవాలి. లేచి, మొహం కడుక్కుని, పంప్‌హౌస్ తాళం తీసి, మోటారు మీద చెయ్యి వేసి చూసుకుని, గేటు వాల్వు చక్రం తిప్పుతుంది. చక్రం మొరాయిస్తే నాలుగు తిట్టి మళ్ళీ తిప్పుతుంది. నీళ్ళు గొట్టంలోకి ఎక్కిన చప్పుడు వినబడ్డాక, మూలనున్న ఇనప స్టూలు లాక్కుని కూర్చుని, ఫోను గోడకి ఆనించి పాఠం పెట్టుకుంటుంది. ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నీళ్ళొస్తే అది కుళాయి గొప్పతనం, రాకపోతే మాత్రం పంపక్క పాపం.

పాఠం చెప్పేది యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరమ్మ. గొట్టాల్లో నీళ్ళు ఎలా నడుస్తాయో, ఎక్కడ నీరసిస్తాయో, ఎందుకు ఎత్తు ఎక్కనంటాయో చెబుతుంది. చెప్పేటప్పుడు నీళ్ళ మీద కోపం వచ్చినట్టే ఉంటుంది. ఆ యూనివర్సిటీ వాళ్ళు కొన్నేళ్ళ కిందట తమ పాఠాలన్నీ, బొమ్మలూ లెక్కలూ పాత ప్రశ్నపత్రాలతో సహా, ఆన్‌లైన్లో పెట్టేశారు. ఎవరైనా చూసుకోవచ్చు, దించుకోవచ్చు, పదిమందికీ పంచుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు అని కింద రాసి మరీ పెట్టారు. ఆ రోజు దండిగా ఫొటోలు దిగి, తర్వాత ఆ సంగతి వాళ్ళే మర్చిపోయారు. జనం మర్చిపోలేదు.

ఎవరైనా తమ ఇంట్లోనో, పనిచేసే చోటనో కూర్చుని పాఠం మనసుపెట్టి వింటే, వాళ్ళు కూర్చున్న కుర్చీ యూనివర్సిటీలో ఆ పాఠం చెప్పే హాల్లోకి వచ్చి చేరేది. ఇంట్లో కుర్చీ ఇంట్లోనే ఉండేది, హాల్లోనూ ఉండేది. వీడియో పెట్టి కూరలు తరుక్కుంటూ కూర్చుంటే రాదు, వినాలి. అలా హాల్లో ఒక సెలూన్ కుర్చీ, ఒక బస్సు డ్రైవరు సీటు, కుట్టు మిషన్ల ముందు వేసుకునే బల్లలు, బోర్లించిన రంగుడబ్బాలు, ఇంకా ఏవేవో చేరిపోయాయి. అసలు బెంచీలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చేది.

"మేడం, ఇవాళ మళ్ళీ ఒక మడత మంచం వచ్చిందండి," అని హాలు ఊడ్చే అటెండరు మొత్తుకునేవాడు. "పడుకుని ఏం పాఠాలండీ! కింద ఊడవలేక నా నడుం పడిపోతోంది."

"జబ్బు మనిషేమోనయ్యా. కాస్త పక్కకి జరుపుకో."

"జరిగితే ఇంక నా గోలేముందండీ? సొంతదారు చెయ్యి పడితే తప్ప ఒక్కటీ అంగుళం కదలదు."

పంపక్క ఇనప స్టూలు మూడో వరసలో, సెలూన్ కుర్చీ పక్కన ఉండేది. హాల్లో చెప్పే కొత్త పాఠాల్లో కెమెరా అటు తిరిగినప్పుడల్లా పేటలో అందరూ చూసేవాళ్ళు. ఆవిడ అత్తగారికి అదో మురిపెం. "మా కోడలిది మూడో వరస," అని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పేది. "వెనక వీధి మేస్త్రీది మరీ స్తంభం చాటున పడింది, పాపం."

కాగితాల మీద పంపక్క హెల్పరు. పాత ఆపరేటరు మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచీ ఆపరేటరు పనంతా ఆవిడే చేస్తోంది, హెల్పరు జీతం తీసుకుంటోంది. ఈ ఏడు పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఆపరేటరు పోస్టు భర్తీ చేస్తారు. యూనివర్సిటీ వాళ్ళ నీటి సరఫరా పరీక్ష పాసైనవాళ్ళకే ఇస్తారు. పోస్టు నిండాక హెల్పరు అక్కర్లేదు. ఉత్తర్వు రాకముందే పేట నీళ్ళ పనులు చూసే ఇంజనీరుగారి బావమరిది ఫీజు కట్టి ఆ కోర్సులో చేరిపోయాడు. వాడికి ముందే ఎలా తెలిసిందని అడిగేంత అమాయకులు పేటలో ఎవరూ లేరు.

పంపక్క ఇంజనీరు గదికి వెళ్ళింది.

"నీకు పని రాదని ఎవరన్నారమ్మా?" అన్నాడు ఇంజనీరు. "పాసైన కాగితం అడుగుతున్నారు. నేనేం చెయ్యను?"

"అదే పరీక్ష నేనూ రాస్తానండి."

"నువ్వు ఫీజు కట్టలేదుగా. వినడం ఫ్రీ. రాయడం ఫ్రీ కాదు. లోకం తీరు అంతే."

"ఆ లోకానికి పొద్దున్నే నీళ్ళు వదిలేది ఎవరండీ?" అని పంపక్క వచ్చేసింది. ఆ పంప్‌హౌస్ లేకపోతే ఆవిడకి వేరే బతుకు తెలీదు. ఇంటికి వెళ్ళకుండా తిన్నగా బస్సెక్కి యూనివర్సిటీకి పోయి, ఇన్నాళ్ళూ ఫోన్లోనే చూసిన ప్రొఫెసరమ్మని వెతికి పట్టుకుంది.

ప్రొఫెసరమ్మ అంతా విని, బీరువాలోంచి ఒక లావుపాటి నిబంధనల పుస్తకం తీసి దుమ్ము దులిపింది. "ఇందులో ఫీజు మాట లేదమ్మా. హాల్లో సీటు ఉన్న ప్రతివాళ్ళూ పరీక్షకి కూర్చోవచ్చు అని ఉంది, అంతే. ఇది రాసినప్పుడు సీట్లన్నీ యూనివర్సిటీవే కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు."

"నా స్టూలు ఉందండి."

"నాకు తెలీదా? రోజూ చూస్తూనే ఉన్నాను. మూడో వరస. పరీక్ష రోజు పొద్దున్నే వచ్చేసెయ్."

ఇంతలో యూనివర్సిటీకి ఒక కంపెనీ తగిలింది. పాఠాలు మేము అమ్మిపెడతాం, ఊరికే ఇవ్వడమెందుకు అంది. పెద్దలకి ఆ మాట తేనెలా వినబడింది. రిజిస్ట్రారు సంతకం పెట్టాడు, తెల్లారేసరికి పాఠాలన్నీ మాయమయ్యాయి. ఇక కుర్చీల బెడద వదిలిందనుకున్నారు. కానీ పంచుకోవచ్చని రాసిచ్చింది వాళ్ళే కదా. అప్పటికే ఎవరి ఫోన్లో చూసినా పాఠాలున్నాయి. సెలూనాయన గడ్డం గీస్తూ గీస్తూ అడిగినవాళ్ళకి పంపించేవాడు. కుట్టుపని చేసే ఆడవాళ్ళు బట్టలతోపాటు మెమరీ చిప్పులో వేసి ఇచ్చేవాళ్ళు. రాసిచ్చింది వెనక్కి తీసుకునే దారి రిజిస్ట్రారుకి కూడా దొరకలేదు.

"ఆపేశాక కుర్చీలు ఇంకా ఎక్కువయ్యాయండి," అన్నాడు అటెండరు. ఈసారి అతని గొంతులో విసుగు లేదు. మొదటిసారి కొంచెం గర్వంగా అన్నాడు.

పరీక్ష రోజున పంపక్క నీళ్ళు వదిలి, చక్రం అత్తగారికి అప్పగించింది. "మీటరు ముల్లు ఎర్రగీత దాటితే వెంటనే మోటారు ఆపెయ్యి, అత్తా."

"వెళ్ళవే! ఇన్నేళ్ళుగా నీ గొణుగుడు వింటున్నదాన్ని, నాకు తెలీదా? నువ్వు వణక్కుండా రాసి రా."

హాలు గుమ్మం దగ్గర రిజిస్ట్రారు నిలబడి ఉన్నాడు, వెనక నలుగురు కూలీలు. బయటివాళ్ళ సామాను తీయించి గానీ పరీక్ష మొదలుపెట్టనివ్వనని ఆయన పట్టు. పంపక్క ఆయన పక్కనుంచే లోపలికి నడిచి, తన స్టూలు మీద కూర్చుంది. రెండు వరసల ముందు ఇంజనీరు బావమరిది వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

"ఎవరమ్మా నువ్వు? ఫీజు రసీదేది?" అన్నాడు రిజిస్ట్రారు దగ్గరికొచ్చి.

"రసీదు లేదండి. స్టూలుంది."

"లే."

"లేవను."

"లేపించమంటావా?"

"లేపించండి చూద్దాం."

నలుగురు కూలీలూ నాలుగు కాళ్ళూ పట్టుకుని బలమంతా పెట్టారు. మెడల మీద నరాలు ఉబ్బాయి. పంపక్క కాళ్ళు ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భయమంతా ఎటుపోయిందో, ఆవిడకి ఒళ్ళు మండుతోంది. తనని లేపడానికి నలుగురు మనుషుల్ని తెచ్చారు గానీ, ఇన్నేళ్ళలో పంప్‌హౌస్‌కి ఒక్క మనిషిని సాయం పంపమంటే పంపినవాళ్ళు లేరు. స్టూలు కదల్లేదు.

"అయ్యా, పట్టు దొరకట్లేదండి," అన్నాడు ఒక కూలీ చెమట తుడుచుకుంటూ. "ఇటు పక్క పేము కుర్చీ అడ్డమొస్తోంది. అది తీస్తే చూస్తాం."

"తీయండి మరి!"

"అదీ రావట్లేదండి."

"మీ వల్ల కాదు, తప్పుకోండి," అని రిజిస్ట్రారు తనే పేము కుర్చీని రెండు చేతులా పట్టి లాగాడు. ఆయన ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టే మనిషి, ఆ హాల్లో అడుగుపెట్టి ఏళ్ళయింది. పైగా కోపంలో ఉన్నాడు, పట్టుకున్నది ఏమిటో చూసుకోలేదు. కుర్చీ తేలిగ్గా లేచి ఆయన చేతుల్లోకి వచ్చేసింది.

కూలీలు నోళ్ళు తెరిచారు. అటెండరు, చెప్పకూడదనుకుంటూనే, చెప్పేశాడు. "అది అయ్యగారి ఇంటి వరండాలో కుర్చీ అండి. ఫైళ్ళు తీసుకెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను."

రిజిస్ట్రారు కుర్చీని దించలేదు, పట్టుకునే నిలబడ్డాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అప్పుడు పంపక్క వేళాకోళమేమీ లేకుండా, క్లాసులో పక్కవాళ్ళని అడిగినట్టు అడిగింది.

"ఎంతవరకూ విన్నారండీ?"

"నాలుగో పాఠం," అన్నాడాయన, ఆ అడిగిన తీరుకి నోరు దానంతటదే తెరుచుకుంది. "గొట్టం లోపలి గోడకి రాసుకుని నీళ్ళ ఒత్తిడి తగ్గుతుందే, అక్కడిదాకా. తర్వాతిది దొరకలేదు."

"ఎందుకు దొరకలేదు?"

"నేనే తీయించేశాను."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. వేదిక దిగి వచ్చి, ప్రశ్నపత్రం పంపక్క చేతిలో పెట్టింది.

"మేడం, దీనికి మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది," అన్నాడు రిజిస్ట్రారు. గొంతులో మునుపటి బిగువు లేదు.

"చెప్పుకుంటాను. ఈ హాల్లో బయటివాళ్ళ సీట్లు చెల్లవని మీరు రాయండి. ఏ సీటు ఎవరిదో కూడా రాయండి. ఇద్దరం కలిసే చెప్పుకుందాం. ఇప్పుడు పరీక్ష టైమైంది. ఆ కుర్చీ దించి కూర్చుంటారా, పట్టుకుని బయటికి వెళతారా?"

ఆయన ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి కుర్చీ వైపు చూశాడు. కూలీలు మెల్లిగా జారుకున్నారు. చివరికి కుర్చీని ఉన్నచోటే దించి, దాని అంచు మీద కూర్చుని, ముందున్న గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

పంపక్క రాయడం మొదలుపెట్టింది. మొదటి ప్రశ్నకి రెండుసార్లు రాసి కొట్టేసి, మళ్ళీ రాసింది. రెండో ప్రశ్న చివరి ఇళ్ళకి నీళ్ళు సన్నగా ఎందుకు వస్తాయని. ఆ చివరి ఇళ్ళ ఆడవాళ్ళు తనని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, వాటి వెనకే పాఠమంతా గుర్తొచ్చింది. తర్వాత ఆగలేదు. ఒక లెక్క తప్పుచేసింది, ఒకటి వదిలేసింది. బెల్లు కొట్టాక కూడా ఇంకో వాక్యం రాసి, ప్రొఫెసరమ్మ లాక్కుంటే గానీ పేపరు ఇవ్వలేదు.

ఫలితాల మీద సంతకం పెట్టాల్సింది రిజిస్ట్రారే. పంపక్క పేరు కొట్టేయాలంటే ఆ హాల్లో సీట్లు చెల్లవని కారణం రాయాలి. ఆ పేము కుర్చీ ఎవరిదో అప్పటికి యూనివర్సిటీ హాస్టలు వంటశాల వాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఆయన కారణమేమీ రాయకుండా సంతకం పెట్టాడు. పంపక్క పాసయింది. ఇంజనీరు బావమరిదీ పాసయ్యాడు, నిజం చెప్పాలంటే ఆవిడ కంటే ఎక్కువ మార్కులే వచ్చాయి. అయితే పాసైనవాళ్ళలో పంప్‌హౌస్ అనుభవం ఉన్నవాళ్ళకే పోస్టు ముందు ఇవ్వాలని రూలు ఉండనే ఉంది. అనుభవం ఉన్న ఆ ఒక్క మనిషీ పరీక్ష హాలు మెట్లెక్కదన్న ధీమాతో ఇంజనీరు దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు అదే రూలు కింద ఆర్డరు మీద తనే సంతకం పెట్టి పంపక్క చేతికి ఇవ్వాల్సి వచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, అక్కడే, ఆయన ఎదురుగానే కళ్ళు తుడుచుకుంది. దాచుకోలేదు.

పాఠాలు మళ్ళీ ఆన్‌లైన్లోకి వచ్చాయి. పెట్టమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ప్రొఫెసరమ్మ పెట్టేసింది, ఎందుకు పెట్టావని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. కంపెనీవాళ్ళు మాత్రం చివరి ప్రయత్నంగా, సొంతదారులే వచ్చి తమ తమ సామాను తీసుకెళ్ళిపోతే హాలుకి రంగులు వేయిస్తాం, కొత్త బెంచీలు కొనిస్తాం అని ఆశ చూపించారు. అందరికీ ఫోన్లు చేసే పని అటెండరు మీద పడింది.

"అక్కా, మీ స్టూలు తీసుకెళ్ళమంటున్నారండి. మీరొస్తే తప్ప అది రాదు కదా. ఏం చెప్పమంటారు?"

"ఆ హాల్లో వచ్చే నెల నుంచి మోటార్ల పాఠాలు మొదలవుతున్నాయట, నిజమేనా?"

"నిజమేనండి."

"అయితే అవి అయ్యాక చూద్దాం అని చెప్పు," అంది పంపక్క. ఫోను పెట్టేయబోతూ మళ్ళీ అంది. "అప్పుడూ తియ్యను. అది కూడా చెప్పు."