గుమ్మం దగ్గర అన్న మాట

అంకమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. వీఆర్వో వెంకటాద్రి తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

బందరు కాలవ గట్టు మీద టార్పాలిన్ల కింద ఉండేవాళ్ళకి ఇళ్ళు ఇస్తున్నారు. అవి కొత్తగా కట్టినవి కావు. అప్పు తీర్చలేనివాళ్ళ దగ్గర ప్రభుత్వ రుణసంస్థ జప్తు చేసుకుంది. వేలంలో ఎవరూ కొనకపోతే తాళాలు వేసి ఉంచింది. అంకమ్మ దివిసీమ మనిషి. ఏటికోతలో ఇల్లు పోతే బందరు వచ్చి ఎండుచేపలు అమ్ముకుంటోంది. గట్టు మీద అందరికీ ఆమే పెద్దదిక్కు. ఆమె కాదంటే మిగతా కుటుంబాలు కదలవు.

"ఇంకొకళ్ళ కంట నీళ్ళు పెట్టించి తీసుకున్న ఇల్లు బాబూ. ఆ ఉసురు మా పిల్లలకి తగలదా?"

"తగిలితే మా ఆఫీసుకి తగులుతుంది అంకమ్మా. నీకెందుకు?" అన్నాడు వెంకటాద్రి. సోమవారం నాటికి చేరకపోతే ఇళ్ళు మళ్ళీ వేలానికి పోతాయని కూడా చెప్పాడు.

కోడలు సునీత మండిపడింది. వానొస్తే మంచం కిందకి నీళ్ళొస్తాయి. పిల్లకి దగ్గు వదలడం లేదు. ముందు ఊపిరి నిలబడితే ఉసురు సంగతి తర్వాత చూసుకోవచ్చని అత్తని దెప్పింది.

పక్కవాడి వలలో పడ్డ చేపని అడక్కుండా ముట్టుకోని ఇంట్లో పుట్టింది అంకమ్మ. తనకిస్తున్న ఇల్లు ఎవరిదని వెంకటాద్రినే అడిగింది. సుందరరాజు అనే ఆయనదట. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువు వేశాడు. రొయ్యలకి జబ్బొచ్చి మునిగిపోయాడు. ఆయన పోయాక భార్య రాజమ్మ గుడివాడలో బట్టలు కుట్టుకుని బతుకుతోందట. మర్నాడు అంకమ్మ గుడివాడ రైలెక్కింది.

సంగతి విని కూడా రాజమ్మ కుట్టుమిషను ఆపలేదు. "ఎలా ఉన్నానో చూసిపోదామని వచ్చావా?"

"కాదండీ. అడిగిపోదామని వచ్చాను. మేం ఆ గుమ్మం తొక్కితే మీరేమీ అనుకోనని ఒక్కమాట చెబితే చాలు."

మిషను ఆగింది.

"అనుకోవడమేంటి, పైకే అన్నాను. తాళం వేసిన రోజున ఆ గుమ్మం దగ్గర నిలబడి, ఈ ఇంట్లో పొయ్యి వెలిగించినోళ్ళు బాగుపడరన్నాను. చర్చికి వెళ్ళేదాన్ని, అనకూడదు. అన్నాను."

లేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆవిడ ఆడలేదు. అంకమ్మకి భయం వేసింది, ఆవిడ మీద గౌరవమూ కలిగింది. లేచి సంచి చంకన పెట్టుకుంది.

"అయితే మాకొద్దులెండి."

"మరెక్కడుంటావు?"

"ఉన్నచోటే. గట్టు మీదున్నా ఎవరిదీ లాక్కోలేదండీ. ఇకముందూ లాక్కోం."

ఆమె మెట్టు దిగుతుండగా రాజమ్మ ఆగమంది. జప్తు చేసినవాళ్ళు తనని ఒక్కమాట అడగలేదని, వేలం వేసినవాళ్ళూ అడగలేదని చెప్పింది.

"సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు?"

"పొద్దున్నేనండీ."

"వస్తాను. ఎక్కడ నిలబడి అన్నానో అక్కడే వెనక్కి తీసుకోవాలి."

సోమవారం గట్టు వాళ్ళందరూ సామాన్లు రిక్షాల్లో వేసుకుని ఆ ఇంటి ముందు నిలబడ్డారు. దింపాలో వద్దో ఎవరికీ తెలియదు. రాజమ్మ బస్సు దిగి నడిచి వచ్చింది. తాళంచెవి ఆవిడకి ఇమ్మని అంకమ్మ అంటే వెంకటాద్రి ఇచ్చాడు. తాళం వచ్చింది గాని తలుపు రాలేదు. కుడిరెక్కని కొంచెం పైకెత్తి నెట్టాలని రాజమ్మ నెట్టి చూపించింది.

తర్వాత గుమ్మం బయటే నిలబడి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ ఇంటి మీద నేనన్న మాట నీ ముందు వెనక్కి తీసుకుంటున్నాను. ఇక్కడ పొయ్యి వెలగాలి. ఈ పిల్లలు ఎదగాలి."

సునీత చంకలోని పిల్లని భుజం మీదికి మార్చుకుని కళ్ళు తుడుచుకుంది. రాజమ్మ తాళంచెవి అంకమ్మ చేతిలో పెట్టింది. ముందు మీరే నడవండని అంకమ్మ పక్కకి తప్పుకుంది. రాజమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంటావిడవి నువ్వు. లోపలికెళ్ళి నన్ను పిలువు. పిలిస్తే వస్తాను."

అంకమ్మ కుడికాలు లోపల పెట్టింది. దుమ్ములో నడిచి గది మధ్యకి వెళ్ళింది. గట్టు మీద ఉన్నన్నాళ్ళూ ఆమె ఎవరినీ ఇంటికి రమ్మని పిలిచి ఎరగదు. కొంగు నడుముకి దోపుకుని, తలెత్తి, వీధిలో అందరికీ వినబడేలా పిలిచింది.

"రండి వదినా. మా ఇంట్లోకి రండి."