ఒకటి పాయింట్ తొమ్మిది

సోమవారం మధ్యాహ్నానికి ఆనందరావు కంప్యూటర్‌ని ఒక దారికి తెచ్చాడు. శనివారం విండోస్ తీసేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాక మొదట తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత కనిపించాయి. డ్రైవర్ వేస్తే సర్దుకున్నాయి. నెట్ రాలేదు. ఫోన్‌కి కేబుల్ తగిలించి, ఆ నెట్‌తోనే నెట్ డ్రైవర్ దించాడు. ప్రింటర్ మొండికేస్తే ఊడబీకి మళ్ళీ పెట్టాడు. పెళ్ళికార్డులకు వాడే తెలుగు ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, అవీ ఎక్కాయి. మిగిలింది డి డ్రైవ్ ఒక్కటే. దాని బొమ్మ మీద పసుపుపచ్చ తాళం. నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది.

మూడేళ్ళుగా అతను ఆ తాళం సంగతే మరిచిపోయాడు. కంప్యూటర్ వెలిగిస్తే డ్రైవ్ దానంతటదే తెరుచుకునేలా ఆ రోజుల్లో తనే అమర్చుకున్నాడు. కొత్త విండోస్‌కి ఆ అమరిక తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడు ఇంటి యజమానో దొంగో దానికి అక్కర్లేదు.

సాయంత్రం అయిదు గంటల్లోపు ఆ డ్రైవ్‌లోని రిపోర్టులు విశాఖపట్నం చేరాలి. అతని భార్య దోర్కాస్‌కి రెండు కిడ్నీలూ పోయి ఎనిమిది నెలలయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆమె తమ్ముడు ప్రదీప్ కుమార్ ఒక కిడ్నీ ఇస్తానన్నాడు. రేపు ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ కూర్చుంటుంది. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది, మొదటి పరీక్ష నుంచి కాగితాలన్నీ కావాలని అక్కడ ఆ పనులు చూసే మేడమ్ శుక్రవారం ఫోన్ చేసి చెప్పింది. అవి లేకపోతే పేరు ముందుకు వెళ్ళదు.

కాగితాలు లేవు. ఒక్కొక్క రిపోర్టూ స్కాన్ చేసి డి డ్రైవ్‌లో పెట్టి, కాగితాన్ని కొబ్బరి డొక్కలతో పాటు పొయ్యిలో వేశాడు, దోర్కాస్ కంట పడకుండా. ఆ పరీక్షలు చేసిన పలాస ల్యాబ్ మూతపడి ఏడాదిన్నర.

కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న కవిటిలో ఎవరినైనా ‘ఎంతుంది’ అని అడిగితే ఏమిటి ఎంత అని ఎవరూ తిరిగి అడగరు. రక్తంలో క్రియాటినిన్ ఎంతో, అంటే కిడ్నీలు ఎంత చెడ్డాయో చెబుతారు. ఎండ ఎంతుందో చెప్పినట్టు, ఎదురుపడ్డవాళ్ళకి దారిలో నిలబడే చెబుతారు. చర్చిలో కూడా అంతే. ప్రతి ఆదివారం ప్రార్థన మనవుల కాగితం ఒకటి అచ్చవుతుంది. పేరు, పక్కన నంబరు. పోయిన వారం కన్నా పెరిగిందో తగ్గిందో చూసుకుని సంఘమంతా మోకరిస్తుంది. ఆ కాగితం కొట్టేది ఆనందరావే. మూడేళ్ళ క్రితం మొదటి రిపోర్టు తెచ్చుకున్న రోజు పలాస నుంచి కవిటి దాకా బస్సులో దాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకున్నాడు. ఇంటికొచ్చి, దోర్కాస్ ముఖం చూసి, ఒకటి పాయింట్ తొమ్మిది అన్నాడు. ఎందుకన్నాడో అతనికి ఇప్పటికీ తెలియదు. నోరు తెరిచేదాకా నిజమే చెబుదామనుకున్నాడు. అన్నాక ఇక దాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. వారం వారం తన చేతులతోనే కొట్టాడు: దోర్కాస్, 1.9. ఒకసారి 2.0, మళ్ళీ 1.9. తగ్గిన వారం ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి స్తుతి చెల్లించారు. వెనక బెంచీలో కూర్చున్న అతను కూడా కొట్టాడు.

పాస్‌వర్డ్ ఎలా పెట్టాడో మాత్రం బాగా గుర్తుంది. ఇంగ్లీషులో దోర్కాస్ పేరు, ఆ మొదటి రిపోర్టులోని అసలు నంబరు రెండు దశాంశాలతో, రక్తం ఇచ్చిన తేదీ. ప్రాణం పోయినా మరిచిపోలేనిదని ఏరికోరి పెట్టుకున్నాడు. ఇప్పుడు కీబోర్డు మీద చేతులు పెడితే పేరు తర్వాత వేళ్ళు వాటంతటవే 1.9 కొడుతున్నాయి. దాన్ని చెరిపి కళ్ళు మూసుకుంటే ఆ వెనక పూర్తి నంబరు లేదు. నాలుగు అని మాత్రం ఉంది. నాలుగు పాయింట్ ఎంత? తేదీ? ఎండలు ముదురుతున్న రోజులు. మార్చి కావచ్చు, ఏప్రిల్ కావచ్చు. వంద నంబర్లు, అరవై రోజులు. పెళ్ళికార్డు వెనకాల లెక్క కట్టాడు. ఆరు వేలు.

పలాసలో కంప్యూటర్లు బాగుచేసే శ్రీకర్‌కి ఫోన్ చేశాడు. రికవరీ కీ అని నలభై ఎనిమిది అంకెలుంటాయి, అవి ఎక్కడ దాచారని శ్రీకర్ అడిగాడు. డెస్క్‌టాప్ మీద ఒక ఫైలులో పెట్టానని చెప్పాడు. అంటే సి డ్రైవ్‌లో. శనివారం ఫార్మాట్ కొట్టింది దాన్నే.

“తాళంసెవి ఇంట్లో ఎట్టి ఇల్లు కూల్సీసేరంకుల్,” అన్నాడు శ్రీకర్. “ఇంకేటి సేత్తాం. ఆ తాళం దేవుడు దిగొచ్చినా పగలదు.”

ఫోన్ పెట్టేశాక ఆనందరావు అసలు ప్రశ్న దగ్గరికి వచ్చాడు. కంప్యూటర్ ఏడాదిగా నత్తలాగే నడుస్తోంది. ఏడాదిగా ఓర్చుకున్నవాడు, శుక్రవారం ఆ మేడమ్ రిపోర్టులు అడిగితే, శనివారమే విండోస్ ఎందుకు తీశాడు? పెద్ద ఫైళ్ళు పంపాలి, మధ్యలో ఆగిపోతుందేమో అని ఆ రోజు తనకు తాను చెప్పుకున్నాడు. సి లో ఉన్న పెళ్ళికార్డులన్నీ ఒక్కటీ పోకుండా డి లోకి మార్చాడు. ఫార్మాట్ నొక్కే ముందు డెస్క్‌టాప్ వంక చూశాడు కూడా. మూలన ఆ చిన్న ఫైలు ఉంది. చూశాడా? చూసినట్టే ఉంది. చూసి, అదేమిటో తెలియనట్టు చూపు పక్కకి జరిపిన జ్ఞాపకం ఒకటి లోపల ఎక్కడో కదిలింది. అది నిజమో, ఇప్పుడు పుట్టించుకున్నదో తేల్చుకోలేకపోయాడు. ఆ రిపోర్టులు బయటికి వస్తే ఎవరో ఒకరు తేదీలు చూస్తారు. మూడేళ్ళ క్రితమే ఇంత ఉంటే ఏం చేశారమ్మా అని దోర్కాస్‌నే అడుగుతారు. ఒకటి పాయింట్ తొమ్మిదే కదా అనుకుని ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి రెండేళ్ళు వెళ్ళింది. ఒళ్ళు నొప్పులంటే నొప్పి మాత్రలు మింగింది. ఆ మాత్రలు ఈ జబ్బుకి విషమని అతనికి తెలుసు. వద్దని ఒకటి రెండుసార్లు అన్నాడు. గట్టిగా అంటే ఎందుకని అడుగుతుంది కదా.

రెండున్నరకి దోర్కాస్ డయాలసిస్ నుంచి ఆటోలో వచ్చింది. మోచేతి దగ్గర కట్టు, తడిబట్టలా వేలాడే ముఖం. అతని వైపు ఒకసారి చూసి, పక్కగదిలో మంచం మీద వాలింది. మధ్యలో తలుపు లేదు, పరదా మాత్రమే.

మూడుంబావుకి ప్రదీప్ ఫోన్.

“బావా, ఇంకా పంపలేదంట గదా. ఆ మేడమ్ నాకు సేసింది.”

పంపుతున్నానని, నెట్ కొంచెం నెమ్మదిగా ఉందని ఆనందరావు చెప్పాడు.

“రేపు అవ్వకపోతే మల్లీ రెండు నెల్లంట. మా ఇంటిదాన్ని ఒప్పించినాకి నాకు ఆరు నెల్లు పట్టింది. రెండు నెల్లు దాని మనసు ఇలాగే ఉంటాదని నేను సెప్పలేను బావా. నా మనసూ సెప్పలేను.” ప్రదీప్ నవ్వాడు. “కిడ్నీ ఇచ్చేవోడికి లేని నొప్పులు కాయితాలు పంపేవోడికి వత్తన్నాయేటి?”

ఆనందరావు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. గోడ గడియారంలో మూడూ ఇరవై.

పాస్‌వర్డ్ తప్పు. పాస్‌వర్డ్ తప్పు. ఏప్రిల్ ఒకటి, నాలుగు పాయింట్ ఆరు సున్న. ఏప్రిల్ రెండు. నలభై సార్లు కొట్టాక తను ఏది కొట్టాడో ఏది కొట్టలేదో కలిసిపోయాయి. దేవుణ్ణి అడగడానికి కూడా నోరు రాలేదు. ఏళ్ళ తరబడి అబద్ధపు అంకె ఇచ్చి ప్రార్థన చేయించినవాడు ఇప్పుడు అసలు అంకె చెప్పమని ఆయన్నే ఎలా అడుగుతాడు?

కనీసం తేదీ తెలిస్తే వందే మిగులుతాయి. లేచి, పరదా తొలగించి, మామూలుగా అడుగుతున్నట్టు గొంతు సర్దుకున్నాడు. మొదటిసారి పలాసలో రక్తమిచ్చింది ఎప్పుడో గుర్తుందా అన్నాడు. దోర్కాస్ కళ్ళు తెరవలేదు.

“మట్టలాదివారం ముందురోజు. గుడికి కొబ్బరాకులు కట్టాల, ఏగిరం ఎల్లిపోదుమని గోల పెట్టీసినావు.”

ఈస్టర్‌కి ముందు ఆదివారం ఎప్పుడొచ్చిందో ఫోన్‌లో ఆ ఏటి క్యాలెండరు వెతికాడు. దాని ముందురోజు ఏప్రిల్ తొమ్మిది. పరుగులాంటి నడకతో కుర్చీలోకి వచ్చి పడ్డాడు. ఇక వందే. నాలుగు పాయింట్ సున్న సున్నతో మొదలుపెట్టి, కొట్టిన నంబరు మళ్ళీ కలిసిపోకుండా గొణుక్కుంటూ కొట్టాడు. నాలుగు పాయింట్ రెండు సున్న. నాలుగు పాయింట్ ఐదు ఐదు. ఒక్కో అంకె దాటేకొద్దీ ఆశ పెరిగింది. ఎనభై దాటాక మిగిలినవెన్నో లెక్కపెట్టుకుంటూ కొట్టాడు. నాలుగు పాయింట్ తొమ్మిది ఎనిమిది. నాలుగు పాయింట్ తొమ్మిది తొమ్మిది. పాస్‌వర్డ్ తప్పు.

కుర్చీలో వెనక్కి వాలాడు. గడియారంలో నాలుగూ ఇరవై రెండు. తేదీ తప్పయి ఉండాలి, లేదా మధ్యలో ఎక్కడో వేలు జారి ఉండాలి. మళ్ళీ మొదటి నుంచి కొట్టడానికి చేతులు లేవలేదు. అలాగే, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు, నాలుగు పాయింట్ సున్న సున్న అని మళ్ళీ పైకే అన్నాడు.

“నాలుగు కాదు బావా.”

దోర్కాస్ పరదా పట్టుకుని నిలబడి ఉంది.

“అయిదు. అయిదు పాయింట్ మూడు ఏడు.”

అతను తల తిప్పలేదు. పేరు కొట్టాడు, 5.37 కొట్టాడు, తేదీ కొట్టాడు. తాళం బొమ్మ తెరుచుకుంది. ఫోల్డర్లు వరసగా, ఏమీ జరగనట్టు, తెర మీదికి వచ్చాయి. అన్నిటి కింద రిపోర్టులు, పదకొండు. తను దాచుకున్న నిజాన్ని కూడా తను మూడేళ్ళలో అయిదు నుంచి నాలుగుకి దించుకున్నాడు. ఆమెకి చెప్పింది ఒక అబద్ధం, తనకి చెప్పుకున్నది ఇంకొకటి.

“నీకెలా తెలుసు?” అన్నాడు తెర వైపే చూస్తూ.

“ఆ పై వారం పలాస ఎల్లినప్పుడు ల్యాబ్ పిల్లని అడిగేను. పుస్తకం సూసి సెప్పింది.”

“మరి నాతో అనలేదేటి?”

“నీ మొగం సూసేను గదా ఆ రోజు.” ఆమె స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. “నాకు తెలుసని నీకు తెలిత్తే నువ్వు నిలబడవు అనిపించింది.”

అతను అడగకూడదనుకున్నది అడిగాడు. తెలిసీ ఆ నొప్పి మాత్రలు ఎందుకు మింగావని. దోర్కాస్ కట్టు అంచు సరిచేసుకుంది.

“నొప్పి నిజిమే గదా. మానేత్తే ఎందుకు మానేవని అడుగుతావు. ఏటి సెప్పాలి?”

ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ రెండేళ్ళు ఆమెను రోజుకొక మాత్ర చొప్పున చంపారు. ఏడుపు రాలేదు. ఏడవడానికి ఇందులో తన వంతు ఎంతో, ఆమె వంతు ఎంతో విడదీయాలి. అది అతని చేత కాలేదు.

“టైమవతన్నాది,” అంది దోర్కాస్.

పదకొండు ఫైళ్ళూ మెయిల్‌కి తగిలించాడు. ఒక్కొక్కటి ఎక్కుతుంటే ఆమె తెరకి దగ్గరగా వంగి తేదీలు చూసింది. అయిదుకి తొమ్మిది నిమిషాలుండగా అందినట్టు ఆ మేడమ్ నుంచి ఒక ముక్క జవాబు వచ్చింది. రేపు కమిటీ ఏమంటుందో అందులో లేదు.

ఆనందరావు మౌస్ వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. దోర్కాస్ లేవలేదు.

“పొద్దున్న తీసిన రక్తం నంబరు నీ ఫోనుకి వచ్చుంటాది,” అంది. “ఎంతుంది?”

వచ్చింది. ఒంటిగంటకే వచ్చింది, చూశాడు. చూసిన క్షణంలోనే దానికన్నా చిన్నది ఒకటి తయారైపోయింది. అది ఇప్పుడు నాలుక చివర ఉంది, గుండ్రంగా, నమ్మదగ్గట్టు. ఫోన్ తీసి ఆమె చేతికి ఇవ్వబోయాడు.

“కల్లజోడు లోపలుంది. నువ్వే సదువు.”

అతను తెర వెలిగించాడు. తర్వాత మెల్లగా, అక్కడ ఉన్నది ఉన్నట్టు, పాయింట్ తర్వాతి రెండు అంకెలూ వదలకుండా చదివాడు.