నవ్వు బంద్

ఉపేందర్ చెంప ఛెళ్లుమనగానే విజిల్ మోగింది. క్యాంటీన్ సెట్టు చుట్టూ నిలబెట్టిన జనమంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. విజిల్ వేస్తే నవ్వాలి, చెయ్యి ఎత్తితే ఆపాలి. కూటి కోసం నవ్వడం కూడా కూలిపనే కదా!

రెండు వేల పద్నాలుగు, జనవరి. శంషాబాద్ పక్కన ఒక కాలేజీలో టీనేజీ ప్రేమకథ షూటింగు. అందులో హీరోని ఒక అబ్బాయి ప్రేమిస్తాడు. ఆ అబ్బాయి కనబడ్డప్పుడల్లా ఎవరో ఒకరు కొట్టాలి, అందరూ నవ్వాలి. వాడికున్న కథ అంతే. గగన్‌పహాడ్ నుంచి బస్సులో వచ్చిన గుంపులో ఉపేందర్ నడక చూసి డైరెక్టర్ ఆ వేషం అతనికి అంటగట్టాడు. నడక అతనిదే. మనసూ అలాంటిదే. ఆ రెండో సంగతి ఎవరికీ తెలియదు. అలాంటివాళ్ల ప్రేమను నేరమనే చట్టం చెల్లుతుందని మొన్న డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. తెలిస్తే బాపు గడప తొక్కనివ్వడు.

"ఇంకోసారి. గట్టిగా కొట్టండి" అన్నాడు డైరెక్టర్.

విమానాశ్రయం కింద చెలక భూమి పోగొట్టుకుని ఈ పనికి వస్తున్న కొండమ్మ ముందు వరసలో ఉంది. "ఏంది సారూ, పిలగాడు ఏం జేసిండని కొడుతుండ్రు?"

"వాడు మగాణ్ణి ప్రేమించాడమ్మా. అదే కామెడీ."

"ప్రేమిస్తె తన్నుడేంది? గిది జూసి నేనైతె నవ్వ."

విజిల్ మోగింది. కొండమ్మ నవ్వలేదు. పక్కనున్న, అదే బస్సులో వచ్చిన శ్రీలత కూడా మూతి బిగించింది. తెలంగాణ కోసం రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకు తిన్న జనం వాళ్లు, బంద్ చేయడం ఒకరు నేర్పక్కర్లేదు. "నవ్వు బంద్!" అని వెనక నుంచి ఎవరో కేక వేశారు.

డైరెక్టర్‌కు కోపం కూడా రాలేదు. "నవ్వు డబ్బింగ్‌లో కలుపుకుందాం. వీళ్లను పంపించేసి ఇంకో బస్సు తెప్పించండి" అన్నాడు. అదీ వాళ్ల బలం! మన నోరు మనం మూసుకున్నా, అందులో నవ్వు వాళ్లు పెట్టగలరు.

జనం వెళ్లి, ఇంకో బస్సు రాకుండా గేటుకు అడ్డంగా బైఠాయించారు. ఉపేందర్ కూడా వాళ్లలో కూర్చున్నాడు. మనుషుల్ని తెచ్చే ఏజెంటు దశరథం అతని రెక్క పట్టుకుని పైకి గుంజాడు. "నువ్వు లెవ్వురా. సగం సీను నీ మీదనే తీసిండ్రు. అసొంటోని లెక్క నటించుడే గద, నీదేం వోతది?"

ఉపేందర్ చెయ్యి విదిలించుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు. "నటించుడు కాదన్నా. నేను అసొంటోన్నే. ఇగ ఒక్క దెబ్బ గూడ తిన."

గుసగుసలు లేచాయి. "గీని కోసమా మనం కూలి పోగొట్టుకున్నది?" అంటూ ఒకడు లేచాడు. వాడి వెంట సగం మంది లేచి లోపలికి పోయారు. తమ బస్సువాళ్లే అలా పోతుంటే ఉపేందర్‌కు ఏడుపు ఆగలేదు. కొండమ్మ చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ తర్వాత కొంగు సర్దుకుని పక్కకు జరిగింది.

"కూసో బిడ్డా."

సెట్టు నుంచి ఫోను వెళ్లినట్టుంది, పోలీసు జీపు వచ్చింది. దశరథం వేలు చూపగానే ఎస్సై అందరినీ వదిలేసి ఉపేందర్ కాలర్ పట్టుకుని జీపులోకి నెట్టాడు. అటు సెట్టులో ఇంకో కుర్రాడికి అదే వేషం వేస్తున్నారు.

కొండమ్మ లేచి జీపు ముందు నిలబడింది.

"వీడు నీకేమైతడే?" అన్నాడు ఎస్సై.

"మా బస్సు పిలగాడు సారూ" అంటూ జీపెక్కి ఉపేందర్ పక్కన కూర్చుంది. ఆమె వెనక శ్రీలత ఎక్కింది. చోటు చాలని మిగతావాళ్లు ఠాణా దిక్కు నడక సాగించారు.